మూడంకెల తాళం

అనంతపురం జిల్లాలోని బండ్లపల్లి పేరు మీరు వినే ఉంటారు. ఈ కరవు సీమలోని ఆ ఊళ్ళోనే 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమయింది. ఎవరు ఎన్ని రోజులు పని చేశారో, ఎంత కూలి ముట్టిందో తెలిపే మస్టరు లెక్కలను తర్వాత వెబ్‌సైటులోనూ ఉంచారు.

అటువంటి లెక్క ఒక ఫైలులో ఉందనుకోండి. దాన్ని అందరూ చదవగలగాలి. కాని అందరూ దిద్దగలిగితే? పన్నెండు రోజుల పని రెండు రోజులయిపోవచ్చు! చదవడం వేరు, దిద్దడం వేరు.

ఈ తేడాను కాపాడే పద్ధతి అమెరికాలోని బెల్ లాబ్స్‌లో 1969లో మొదలైన యూనిక్స్ నుంచి వచ్చింది. నేటి లినక్స్ కూడా దాన్నే అనుసరిస్తోంది. చదవడానికి 4, రాయడానికి 2, ప్రోగ్రామును నడపడానికి 1. వీటిని ఎలా కలిపినా ప్రతిసారీ వేరే మొత్తమే వస్తుంది. 6 అంటే 4+2 తప్ప మరొకటి కాదు. మొదటి అంకె యజమానిది, రెండోది ఫైలుకు కేటాయించిన బృందానిది, మూడోది మిగిలిన వారిది. కాబట్టి 644 అంటే యజమాని చదవగలడు, రాయగలడు. ఇతరులు చదవగలరు, అంతే. ఫోల్డరులోకి అడుగు పెట్టాలంటే 1 కూడా ఉండాలి. అందుకే దానికి 755.

అనుమతులు తప్పితే పేజీ తెరుచుకోదు. తరచుగా 403 అనే అంకె కనబడుతుంది. అప్పుడు కొందరు తొందరపడి అన్నిటికీ 777 ఇచ్చే స్క్రిప్టును నడిపేస్తారు. పేజీ తెరుచుకుంటుంది, నిజమే. కాని ఆ యంత్రంలో చొరబడిన ఏ దొంగ ప్రోగ్రామైనా ఇక ఆ ఫైళ్ళను దిద్దవచ్చు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే.

అలాగని స్క్రిప్టే వద్దని నేననను. వేల ఫైళ్ళను ఒక్కొక్కటిగా సరిచేయడం ఎవరి తరం? అయితే మంచి స్క్రిప్టు ముందు ఫైలు యజమాని ఎవరో చూడాలి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. ఫోల్డర్లకు 755, మామూలు ఫైళ్ళకు 644 విడివిడిగా ఇవ్వాలి. రహస్య సంకేతపదాలున్న ఫైలును ఇతరుల కంట పడనీయకూడదు. తనకు చెప్పిన ఫోల్డరు దాటి పోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఏమేమి మార్చబోతున్నదో జాబితా చూపించి, సరేనన్నాకే మార్చాలి.

పది నిమిషాలు ఆలస్యమైతే పేజీ ఆగుతుంది. లెక్క మారిపోతే ఎండలో మట్టి తవ్విన మనిషి కూలి పోతుంది. ఏది పెద్ద నష్టమో మీరే ఆలోచించండి.

ఇక మీకొక ప్రశ్న: ఒక ఫైలుకు 640 అని ఉంటే దాన్ని ఎవరెవరు చదవగలరు? ఎవరు దిద్దగలరు?