పదిచేతుల పుస్తకము

ఉప్పల్ కూడలికి అల్లంత దూరమున, మెట్రో రైలు వచ్చిపోవు చప్పుడు వినవచ్చు నొక మిద్దెమీద, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను స్వేచ్ఛాపటమున మన వాడల పేర్లను తెలుగున చేర్చు విధమును బోధించు చిన్న పుస్తకమును రచింపబూనిన మా ఐదుగురి నడుమ, ఏమి వ్రాయవలెనన్న దానిపై పుట్టని వివాదము, దేనియందు వ్రాయవలెనన్న దానిపై మూడు ఆదివారములు సాగినది.

కుర్రవారు గిట్ అనిరి. 2005లో లీనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ కొరకు సృజించిన ఆ సాధనము, ప్రతి మార్పునకును కర్త యెవరో, తేది యేదో జ్ఞాపకముంచుకొనును. దాని మహిమను నేను కాదనను. అయితే అది పంక్తిని పంక్తితో పోల్చునే గాని పదమును పదముతో కాదు. మన పేరా యావత్తును దాని కంటికి ఒకే పంక్తి. సర్వే శాఖలో చిరకాలము కొలువుచేసి విరమించిన మా పెద్దాయన పేరా మొదట నొక వీధిపేరులో ఒత్తు సరిచేయగా, ఆ పేరా తుదిని మరొకరు క్రియాపదము మార్చినంతనే, ఏడేసి బాణపు గుర్తుల నడుమ రెండు పాఠములును ఒకదానిక్రింద నొకటి ప్రత్యక్షమైనవి. "ఏం బాబూ, ఈ బాణాలు నేనెయ్యలేదే!" అని ఆయన కంగారుపడెను. వాక్యమునకొక పంక్తి చొప్పున వ్రాయుడని కుర్రవారు ఉపాయము చెప్పిరి. నా వాక్యముల పొడుగు ఎరిగినవారెవరును నాకా సలహా ఇయ్యరు.

పుస్తకములను కలసి వ్రాయుటకే పుట్టిన సాధనములును లేకపోలేదు; 2012లో వెలువడిన బుక్‌టైప్ అట్టిది. ఆ కోవకు చెందిన మరియొకదానిని పరీక్షింపగోరి "సాఫ్ట్‌వేర్" అను ఒక్క మాట వ్రాసి పీడీఎఫ్ తీయించితిమి. ట్, వే అక్షరములను ఎడబాపు అదృశ్యచిహ్నమును అది మ్రింగివేసెను. ఫకారము క్రింద టవత్తు, దాని చెంత వవత్తు, నెత్తిన ఏత్వము, వెరసి గుప్తశాసనములందలి అక్షరమువలె నొక ముద్ద! తెలుగువానికి ఇంతకుమించిన గీటురాయి అక్కరలేదు.

తుదకు 2003 నుండి తెలుగు వికీపీడియాను మోయుచున్న మీడియావికీనే వరించితిమి. పెద్దాయన ఫోనులోనే ఒక్కొక్క విభాగమును తెరచి దిద్దుచున్నారు. వికీసోర్స్ నుండి ఒక నియమము అరువు తెచ్చుకొంటిమి: ఒకరు సరిచూచిన పుట పసుపు; వేరొకరు మరల చూచినగాని ఆకుపచ్చ కాదు.

నాచారమున ముద్రాపకుని కడకు పోగా, "అను ఫాంట్లలో ఉందా సార్?" అని యడిగెను. యూనికోడ్ అంటిని. రెండు నిమిషములు ఆలోచించి, "పీడీఎఫ్ ఇయ్యండి, అక్షరం ముట్టుకోను" అనెను.

— నాచారం బాటసారి