కాఫీ యంత్రం కంటే ముందు కాఫీ మర

పట్నాలలో ఉద్యోగాలు చేసే కొడుకులూ, సముద్రాలు దాటివెళ్ళిన కూతుళ్ళూ యేడాదికొకసారైనా తలిదండ్రులకు యేదో ఒక యంత్రం పంపాలని ఉబలాటపడుతుంటారు. ఒకప్పుడది మిక్సీ, తర్వాత బట్టలుతికే మెషిను. ఇప్పుడు ఎస్ప్రెస్సో కాఫీ యంత్రం వంతు వచ్చింది. "అబ్బాయి లక్షన్నర పెడతానంటున్నాడు, యేది తీసుకొమ్మంటారు?" అని సిరోంచనుంచి ఒక సోదరి మాకు వ్రాశారు. ఇంట్లో ఉండేది భార్యాభర్త లిద్దరే. ఆయనకు పాలు లేని కాఫీ, ఆమెకు పాల కాఫీ. ఆమెకు మణికట్టు నొప్పి కూడా వున్నదట. మరాఠీలో చహా అన్నా, మన మాటలో చాయ అన్నా తేయాకే రాజ్యమేలుతున్న ప్రాణహిత ఒడ్డున ఈ ప్రశ్న పుట్టడం మాకు ముచ్చటగానే వున్నది. ఐతే లక్షన్నర చిన్న మొత్తం కాదు. ఆ అబ్బాయి యెన్ని నెలలు మిగిలిస్తే అంత కూడుతుందో! కనుక ఈ నెల శీర్షిక యావత్తూ దీనికే కేటాయిస్తున్నాము.

మన ఇత్తడి ఫిల్టరులో నీరు తన బరువుతో తానే మెల్లగా దిగుతుంది. దానికి తొందర లేదు. ఎస్ప్రెస్సోలో అట్లా కాదు. గిన్నెలో గట్టిగా అదిమిన పొడిలోనుంచి 90 మొదలు 96 డిగ్రీల వేడినీటిని, గాలి వొత్తిడికి సుమారు 9 రెట్ల వొత్తిడితో తోస్తారు. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల డికాషను 25 నుంచి 30 సెకండ్లలో దిగాలని ఒక మోస్తరు లెక్క. ఇది ఇటలీవారి విద్య. 1884లో టూరిన్ నగరంలో ఆంజెలో మొరియొండో ఆవిరితో పనిచేసే కాఫీ యంత్రానికి పేటెంటు పుచ్చుకున్నాడు. కప్పు పైన తేనెరంగు నురుగు కట్టడం మాత్రం రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తర్వాత, అకిల్లె గాజియా చేసిన మీట యంత్రంతో మొదలైంది. 1961లో ఫాయెమా కంపెనీ ఇ-61 అనే యంత్రంలో మీటకు బదులు కరెంటు పంపు పెట్టింది. నేడు ఇండ్లలోకి వస్తున్నవి చాలావరకు దాని సంతతివే.

సోదరి ఉత్తరంలో యంత్రాల పేర్లు అయిదు వున్నవి. మర పేరు ఒక్కటీ లేదు. మా అభ్యంతర మంతా ఇక్కడనే వున్నది.

అంత వొత్తిడిలో నీరు సులువైన దారి వెతుక్కుంటుంది. పొడి ఒకచోట పిండిగా, ఒకచోట పలుకుగా వుంటే పలుకున్న చోటునుంచి జారిపోతుంది. పలుకు ఉడకక పులుపు దిగుతుంది, పిండి మాడినట్లు చేదు దిగుతుంది. ఒకే కప్పులో రెండు అవలక్షణాలూ కూడుతవి. లక్ష రూపాయల యంత్రమైనా దీనిని దిద్దలేదు. మిక్సీ బ్లేడు గింజను నరుకుతుందే గాని విసరదు, కాబట్టి దాని పొడి యిట్లాగే వుంటుంది. మంచి మరలో వుండేవి రెండు ఉక్కు పళ్ళచక్రాలు. మన ఇసుర్రాయి యెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు: పై రాయి కొంచెం ఎత్తితే రవ్వ, దించితే పిండి. కాఫీ మరలో ఆ ఎత్తు దించడాలు వెంట్రుకవాసి కంటే సన్నని లెక్కలో జరుగుతవి. అందుచేత మెట్టుమెట్టుగా తిరిగే మర కంటే, మెట్లు లేకుండా యెక్కడ కావాలంటే అక్కడ నిలిచే మర ఎస్ప్రెస్సోకు మేలు. చక్రాలు బల్లపరుపుగా వున్నా, శంకువు ఆకారంలో ఒకదానిలో ఒకటి దిగినా రెండూ మంచివే. దీనిమీద కాఫీప్రియులు పడే తగాదాలు చూస్తే ఆవకాయలో వెల్లుల్లి వేయాలా వద్దా అన్న తగవు గుర్తుకు వస్తుంది.

చేతిమరలు కూడా చాలా మంచివి వస్తున్నవి. అదే ధరకు కరెంటు మర ఇచ్చే పొడి కంటే చేతిమర పొడి నికరంగా వుంటుంది, యెందుకంటే మోటారు ఖర్చు లేదు. కాని ఎస్ప్రెస్సోకు కావలసినంత సన్నగా 18 గ్రాములు తిప్పాలంటే ఒక నిమిషం పాటు గట్టిగానే తిప్పాలి. మణికట్టు నొప్పి వున్నవారికి రోజుకు రెండుసార్లు ఆ శిక్ష వద్దు. చేతితో నొక్కే మీట యంత్రాలకు కూడా ఇదే మాట. అవి కరెంటు లేకుండా, పొయ్యిమీద కాచిన నీళ్ళతో నడుస్తవి గనుక మన ప్రాంతానికి నప్పుతవి గాని, నొక్కడానికి బలమైన చేతులు కావాలి. ఆయన నొక్కుతానంటే వేరే సంగతి!

కరెంటు సంగతి వచ్చింది గనుక చెపుతున్నాము. ఈ యంత్రాలు సాధారణంగా 1000 నుంచి 1500 వాట్లు లాగుతవి. ఫ్యాన్లకూ దీపాలకూ పెట్టుకున్న ఇన్వర్టరు దీనిని మోయలేదు. గాలివానకు లైను పోయిన పూట యంత్రం ఊరికే కూర్చుంటుంది. వోల్టేజి ఎగుడుదిగుళ్ళకు ముందు దెబ్బతినేది లోపలి ఎలక్ట్రానిక్ పలక. కాబట్టి తెరలూ మీటలూ యెక్కువ వున్నదాని కంటే, రెండు మూడు స్విచ్చులతో నడిచే మొద్దు యంత్రమే మాకు ఇష్టం. గాజియా క్లాసిక్, రాన్సిలియో సిల్వియా ఆ తెగవే. వీటిలో బాయిలరు ఒక్కటే. కాఫీ దించి, తర్వాత ఆవిరికోసం కొంచెం ఆగి, పాలు నురగ తెప్పించుకోవాలి. ఇద్దరు మనుషులకు ఆ ఆగడం పెద్ద ఆలస్యం కాదు. లా మార్జోకో లీనియా మినీ వంటి రెండు బాయిలర్ల యంత్రాలు చూడ ముచ్చటగానే వుంటవి గాని, వాటి ధర ఆ అబ్బాయి లెక్కకు చాలా పైన వున్నది, ఆ యింటి అవసరానికీ పైనే.

నీళ్ళు మరొక శత్రువు. బోరునీటిలో సున్నం వుంటే బాయిలరు లోపల పొలుసు కడుతుంది. టీ గిన్నె అడుగున తెల్లగా కట్టేది అదే. అట్లాగని ఆర్‌వో నీళ్ళు ఒక్కటే పోస్తే రుచి చప్పబడుతుంది. నీళ్ళు బాగా గట్టివైతే, ఆర్‌వో నీళ్ళలో కొంచెం మామూలు నీరు కలిపి వాడడం మధ్యేమార్గం. రబ్బరు వాషర్లు కాలక్రమాన గట్టిపడి మార్చవలసి వస్తవి. జిల్లా కేంద్రమైన గడ్చిరోలి మనకు 200 కిలోమీటర్ల పైమాట, కాళేశ్వరం వంతెన దాటితే తెలంగాణ పట్టణాలే దగ్గర. కొనేముందే దాని వాషర్లు యెక్కడ దొరుకుతవో, విప్పి బాగుచేసేవారు యెవరో అడిగి తెలుసుకోవాలి.

ఇక గింజలు. మన సిరోంచ సముద్రమట్టానికి నూరు మీటర్ల పైచిలుకు. ఇక్కడ టేకు పెరుగుతుంది గాని అరబికా పెరగదు, దానికి చల్లని కొండలు కావాలి. తెలుగువారికి ఆ కొండలు అరకులో వున్నవి. అక్కడి గిరిజన రైతులు చెట్ల నీడన పండించే అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేయించిన తేదీ పొట్లం మీద వున్న గింజలే తెప్పించుకోండి. వేయించిన వారం తర్వాత మొదలుపెట్టి నెలలోపల ముగించడం మంచిది. మన మే నెల ఎండలకు డబ్బా పొయ్యి దగ్గర పెట్టవద్దు, మూత బిగువుగా వుండాలి. చికోరీ కలిపిన ఫిల్టరు పొడిని ఈ యంత్రంలో వేయనే వద్దు, నీరు దిగక మొరాయిస్తుంది.

మా సలహా యిది. డబ్బులో దాదాపు సగం కరెంటు మరకు పెట్టండి. అది ముందు రానివ్వండి, యంత్రం ఒక ఆరునెలలు ఆగినా ఫరవాలేదు. పొడిని కొంచెం ముతకగా విసిరి, ఉన్న ఫిల్టరులోనే వేసి త్రాగండి. అప్పటికప్పుడు విసిరిన గింజ వాసన యెట్లా వుంటుందో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. ఆ ఆరునెలలలో ఆ రుచే చాలుననిపిస్తే అబ్బాయి సగం డబ్బు మిగిలినట్లే, మర వృథా కాదు. ఇంకా కావాలనిపిస్తే ఒక బాయిలరు యంత్రం తెప్పించుకోండి. గ్రాములో పదోవంతు చూపే చిన్న త్రాసు కూడా ఒకటి వుండాలి. చుట్టాలు పదిమంది దిగిన పూట మాత్రం ఫిల్టరే గతి, దానిని అటకమీద వేయకండి.

అబ్బాయి యే దేశంలో వున్నాడో సోదరి వ్రాయలేదు. అమెరికా ఐతే అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడ కొన్నది ఇక్కడ పెట్టగానే కాలిపోతుంది. అక్కడి గ్యారంటీ కూడా ఇక్కడ చెల్లడం అరుదు. యంత్రం వెనుక పట్టీమీద 220–240 వోల్టులు, 50 హెర్ట్జులు అని వుంటేనే డబ్బు కట్టమని ఈ రాత్రికే ఫోను చేసి చెప్పండి.