మీటలు మూడు... మాటలు నాకు!

మొన్న ఆదివారం మధ్యాహ్నం అందరూ భోంచేసి నడుం వాల్చారు. నాకు కాస్త తీరిక దొరికింది. మా అమ్మాయి అన్నప్రాశన వీడియో కంప్యూటర్లో పెట్టుకున్నాను. అందులో మా నాన్నగారు మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏవో కబుర్లు చెబుతారు. ఆయన పోయి ఆరేళ్లయింది. మాకు మిగిలిన ఆయన గొంతు ఆ నాలుగు నిమిషాలే.

బొమ్మ కదులుతోంది గానీ మాట వినపడదే! ప్లేయర్లో వాల్యూమ్ గీతను చివరికంటా జరిపాను. లాభం లేదు. తెర కింద మూలనున్న స్పీకర్ గుర్తు నొక్కి అక్కడా పెంచాను. ఊహూఁ! ఇక మిగిలింది స్పీకర్ బాక్సు మీట. దాన్నీ తిప్పాను. నాన్నగారి గొంతు చెవిన పడిందో లేదో, ఇంతలో ఏదో మెసేజ్ వచ్చి కంప్యూటర్ ఠంగుమంది. ఇల్లు అదిరిపోయింది!

"ఏం పేలిందమ్మా?" అంటూ అత్తయ్యగారు ఉలిక్కిపడి లేచారు. "తెలియనివి ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అని మావారు. "అమ్మకి వాల్యూమ్ పెట్టుకోవడం కూడా రాదు" అని మావాడి నవ్వు. తీరా చూస్తే రాత్రి సినిమా చూసి బాక్సు మీట అడుగంటా తగ్గించి వదిలేసింది వాడే!

మేడమీద ట్యాంకు దగ్గర గేట్‌వాల్వు ఎవరో కట్టేసి పోతే, వంటింట్లో కుళాయి ఎంత తిప్పినా నీళ్లు రావు. తెలియక పూర్తిగా తిప్పి ఉంచామా, వాల్వు తెరవగానే మొహానికి కొడతాయి. ఈ వాల్యూముల సంగతీ అంతే. ఒకచోట తగ్గించింది రెండోచోట పెంచితే పూర్తిగా తిరిగి రాదు.

విడివిడి మీటలు అసలే వద్దనను. 2007లో విండోస్ విస్టా జనంలోకి వచ్చినప్పుడే ఒక్కో ప్రోగ్రాం ధ్వనిని వేరుగా సర్దుకునే ఏర్పాటు వచ్చింది. పాట గట్టిగా, మెసేజ్ మెల్లగా పెట్టుకోవచ్చు. మంచిదే. కానీ ఒక మీట సంగతి ఇంకో మీట చెప్పదేం? ప్లేయర్ నూరు అని చూపిస్తుంది, కింద ఇరవై దగ్గర ఉంటుంది. 'అక్కడ తగ్గి ఉంది, చూసుకో' అని ఒక్క ముక్క రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

ఇది చెవులకు సంబంధించిన విషయం కూడా. పెద్దవాళ్లకైనా 80 డెసిబెల్స్ ధ్వని వారానికి 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్లేయర్లో కనిపించే నూరు డెసిబెల్స్ కాదు. కొన్నిట్లో అది 125 దాకా కూడా పోతుంది! పిల్లలు ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నప్పుడు చెవిలో పడుతున్నదెంతో ఆ అంకె మనకు చెప్పదు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక నియమం పెట్టాను. ప్లేయర్లోనూ, తెర మూలనా ఒక స్థాయిలో ఉంచేసి, బాక్సు మీట ఒక్కటే తిప్పాలి. సినిమా అయ్యాక ఎవరు తగ్గించారో వాళ్లే సరిచేసి లేవాలి. మావారికీ మినహాయింపు లేదు.

ఆ సాయంత్రమే నాన్నగారి కబుర్లు పూర్తిగా విన్నాను. అత్తయ్యగారూ పక్కన కూర్చుని విన్నారు.

అందుకే అంటున్నాను, ఈసారి శబ్దం రాకపోతే "నాకు చేతకాదు" అని లేచి వెళ్లిపోకండి. తప్పు మీటలది. మాటలు మనకెందుకు?