ఫోటో లేని రికార్డు

ప్రతిభ ఉంటే ఎవడైనా పైకొస్తాడు, మధ్యలో కులమేంటి, రంగేంటి అనేవాళ్లు ఊళ్లోనూ ఉన్నారు, పట్నంలోనూ ఉన్నారు. రిజర్వేషన్ మాటెత్తితే చాలు, ఇదే అందుకుంటారు. పైకొచ్చిన ఒక్కణ్ణి చూపించి తక్కినవాళ్ల నోరు మూయిస్తారు. అమెరికాలో అట్లా చూపించడానికి తగిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు చార్లీ ప్రైడ్. ఆయన ఎట్లా పైకొచ్చాడో మనం చూద్దాం. సాక్ష్యం ఎవరి వైపు ఉందో తేలుతుంది.

కంట్రీ అంటే అక్కడి పల్లెపాట. గిటారు, ఫిడేలు, బాంజో దాని వాద్యాలు. ఇది తెల్లవాళ్ల సంగీతమని లోకాన్ని నమ్మించారు. మరి బాంజో ఎక్కడిది? ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన జనం తమ వాద్యాలను తలుచుకుంటూ చేసుకున్నది. 1920లలో రికార్డు కంపెనీలు ఒకే నేల మీద పుట్టిన పాటల్ని రెండు గంపలకెత్తాయి. నల్లవాళ్లు పాడితే 'రేస్' రికార్డు, తెల్లవాళ్లు పాడితే 'హిల్‌బిల్లీ' రికార్డు. పాటకు కూడా వాడలు కట్టారన్నమాట.

టెక్సాస్ పత్తిచేలల్లో నల్ల కూలీల పక్కన పెరిగి, వాళ్ల బ్లూస్ నేర్చుకుని, దాన్ని ఫిడేలుతో కలిపి జనాన్ని ఆడించిన తెల్లాయన బాబ్ విల్స్. ఆ కలగలుపుకే వెస్ట్రన్ స్వింగ్ అని పేరు. ఆయన్ని దానికి రాజన్నారు. 1968లో కంట్రీ సంగీత ప్రముఖుల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఆయన నేర్చుకోవడం తప్పని మేము అనం. నేర్చుకుంటేనే పాట పెరుగుతుంది. నేర్పినవాళ్ల పేర్లేవీ అని అడుగుతున్నాం, అంతే.

నాష్‌విల్ రేడియోలో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే పేరుమోసిన కార్యక్రమం ఉంది. దాని తొలి రోజుల తారల్లో డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి కళాకారుడు ఒకడు. మౌత్ ఆర్గాన్ మీద రైలు పరుగును అచ్చంగా పలికించేవాడు. రేడియోలో వినడానికి అందరికీ ఇష్టమే. బృందంతో ఊళ్లు తిరిగితే మాత్రం హోటళ్లలో ఆయనకు గది ఇవ్వరు, తిండి పెట్టరు. 1941లో కార్యక్రమం నుంచి తీసేశారు. ఆ తర్వాత అదే ఊళ్లో బూట్లు పాలిష్ చేసే దుకాణం పెట్టుకుని బతికాడు. 1982లో చనిపోయాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరెక్కింది 2005లో. ఈయనకు ప్రతిభ తక్కువైందా? చెప్పండి.

ఇక చార్లీ ప్రైడ్. 1934లో మిసిసిపీ రాష్ట్రం స్లెడ్జ్‌లో పుట్టాడు. భూస్వామి పొలాన్ని పాలుకు చేసే కుటుంబం, పదకొండు మంది పిల్లలు. పత్తి ఏరుతూ, ఇంట్లో రేడియో వింటూ పాట నేర్చుకున్నాడు. నల్లవాళ్ల లీగుల్లో బేస్‌బాల్ ఆడాడు. మోంటానాలో లోహం కరిగించే ఫ్యాక్టరీలో చెమటోడ్చాడు. 1965లో ఆర్‌సీఏ కంపెనీ ఒప్పందం చేసుకుంది.

1966లో మొదటి రికార్డు వచ్చింది. రేడియో స్టేషన్లకు రికార్డుతో పాటు గాయకుడి ఫోటో పంపడం ఆనవాయితీ. ఈయన ఫోటో పంపలేదు. గొంతు కావాలి, మొహం వద్దు! పైగా పేరుకు ముందు 'కంట్రీ' తగిలించి కంట్రీ చార్లీ ప్రైడ్ అని అచ్చేశారు. తెల్లవాడికి లేని ఈ సర్టిఫికెట్టు ఈయనకెందుకు?

ఆ ఏడాదే డెట్రాయిట్‌లో పెద్ద సభ. పేరు పిలవగానే చప్పట్లు మోగాయి. మనిషి కనబడగానే చప్పట్లు ఆగిపోయాయి. ఆయన తన ఒంటిరంగు మీద తానే జోకు వేసి, జనాన్ని నవ్వించి, అప్పుడు పాట ఎత్తుకున్నాడు. పాడిన తర్వాత ఆ జనమే ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు, నిజమే. కానీ నోరు తెరిచి పాడేముందు పుట్టుకకు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది చూశారా, దాన్ని ప్రతిభావాదులు లెక్కలో వెయ్యరు.

1971లో కంట్రీ సంగీత సంఘం ఏడాది మేటి కళాకారుడి అవార్డిచ్చింది. 2000లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. 2020 డిసెంబరులో కోవిడ్‌తో కన్నుమూశాడు. ఆయన ఉద్యమ పాటలు పాడలేదు, రంగు ప్రస్తావన తెస్తే ఇష్టపడేవాడు కాదు. దానికి మేము తప్పు పట్టం. నచ్చిన పాట పాడుకోవడం కూడా హక్కే.

అయితే బెయిలీకి మూసుకున్న తలుపు ప్రైడ్‌కు ఎట్లా తెరుచుకుంది? మధ్యలో ప్రతిభ పెరగలేదు, ఉద్యమం పెరిగింది. 1963లో అదే మిసిసిపీలో మెడ్గర్ ఎవర్స్‌ను కాల్చి చంపారు. జనం వెనక్కి తగ్గలేదు. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం సాధించుకున్నారు. హోటళ్లలో వెలి చట్టవిరుద్ధమైంది. ఆ దారిన ప్రైడ్ నడిచాడు. ఆ దారి వేసినవాళ్లు జైళ్లకు పోయినవాళ్లు, తన్నులు తిన్నవాళ్లు.

మరో సంగతి. ప్రైడ్ చివరి నంబర్ వన్ పాట 1983లో. ఆ తర్వాత మరో నల్ల గాయకుడు ఒక్కడే పాడి ఆ స్థానం చేరింది 2008లో, డేరియస్ రకర్. నడుమ పాతికేళ్లు! నల్లజాతి మహిళ కంట్రీ ఆల్బమ్‌ల జాబితాలో మొదటికి రావడం 2024లో బియాన్సేతోనే మొదలు. ఒక్కణ్ణి లోపలికి రానిచ్చి తలుపు మళ్లీ దగ్గరకు వేయడం ఆధిపత్యానికి బాగా తెలిసిన విద్య.

కాబట్టి మనవాడొకడు వేదికెక్కితే సంతోషిద్దాం, చప్పట్లు కొడదాం. కొడుతూనే మూడు మాటలు అడుగుదాం. మొహం దాచుకోకుండా ఎక్కాడా? దారి వేసినవాళ్లను తలుచుకుంటున్నామా? వెనక వచ్చేవాళ్లకు తలుపు తెరిచే ఉందా? డప్పు మనదని ఒప్పుకుని, కొట్టేవాడి పేరు రాయనివాళ్ల దగ్గర ఈ ప్రశ్నలు మరీ గట్టిగా అడగాలి. గొంతు కావాలంటే మనిషిని కూడా ఒప్పుకోవాల్సిందే.