సెల్ఫీ వెనకాల ఊరు

ఎర్రటి బండ అంచు. కింద లోయలో ఆకుపచ్చ నీళ్ళు. అంచు మీద మనకి వీపు చూపిస్తూ కూర్చున్న ఒకడు. బ్యాక్‌గ్రౌండ్‌లో ఫ్లూట్ మ్యూజిక్. గండికోట రీల్ మీ ఫోన్‌లో ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో లెక్కేసుకోండి. నేను కూడా ఆ ఫొటో కోసమే వెళ్ళాను, అబద్ధం ఎందుకు. ఫొటో దొరికింది కూడా. కానీ ఆ ట్రిప్ తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది ఇంకో ఫొటో. అది నేను తీసింది కాదు. సరిగ్గా వచ్చింది కూడా కాదు.

మా ఇల్లు కాచిగూడలో. స్టేషన్‌కి నడిస్తే పది నిమిషాలు. 1916లో కట్టిన ఆ గుమ్మటాల స్టేషన్లో రాత్రి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే, తెల్లారకముందే కడప జిల్లాలో దిగొచ్చు. అంత దగ్గర. అయినా ఇన్నేళ్ళలో ఆ రైలు ఎక్కిందల్లా తిరుపతి పోవడానికే.

నన్ను బలవంతంగా ఎక్కించింది మా 'కడప'. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో జిల్లా పేరే వాడి పేరయిపోయింది. ఇప్పుడు ఇద్దరం సాఫ్ట్‌వేరే. వాడు తార్నాకలో రూమ్ తీసుకుని ఉంటున్నాడు. నెలకోసారైనా ఆర్ట్స్ కాలేజ్ ముందు కూర్చుని, చాయ్ తాగుతూ మేనేజర్లని తిట్టుకుంటాం. అక్కడే అన్నాడు, "ఎప్పుడూ గోవా గోవా అంటావు గానీ, మా గండికోటకి ఒకసారి రారా మామా" అని.

ఆ వారమే మా ఇంట్లో ఒక పంచాయితీ నడుస్తోంది. తాతయ్య కట్టించిన ఇల్లు. వానొస్తే రెండు గదులు కారతాయి. బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇస్తే అపార్ట్‌మెంట్ లేస్తుంది, మాకు రెండు ఫ్లాట్లు వస్తాయి. నాన్న 'చూద్దాం' అంటున్నారు. అమ్మ ఏమీ అనట్లేదు. నేను మాత్రం ఎక్సెల్ షీట్ వేసి, రెంట్ ఎంత, రిపేర్లు ఎంత, పదేళ్ళలో లాభం ఎంత అని రంగులు కొట్టి మరీ చూపించాను. "ఇందులో ఆలోచించడానికి ఏముంది నాన్నా?" అని చెప్పి బ్యాగ్ సర్దుకుని బయల్దేరాను.

ఎర్రగుంట్లలో దిగి, జమ్మలమడుగులో వాడి మామ ఇంటికి వెళ్ళాం. అత్త ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టకుండా కదలనివ్వలేదు. మామ బండి తీసుకుని కోట చేరేసరికి పది దాటింది. సన్‌రైజ్ పోయింది. సన్‌రైజ్ కోసం వచ్చినవాళ్ళు కూడా పోయారు. నేను గొణుక్కుంటూనే లోయ దగ్గరికి నడిచాను.

చూశాక నోరు మూతపడింది. ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ పెన్న పారుతోంది. దాదాపు 300 అడుగుల లోతు. రెండు వైపులా గోడలు, ఎవరో ఇటుకలు పేర్చినట్టు పొరలు పొరలుగా. ఈ రాయి ఒకప్పుడు నీళ్ళ అడుగున పేరుకున్న ఇసుక. అది గట్టిపడి వంద కోట్ల ఏళ్ళు దాటింది. ఆ రాతిని నది కోసిన గండి, గండి మీద కోట. పేరు అలా వచ్చింది. ఆ లోయే కోటకి కాపలా.

ఒక్క మాట. చాలాచోట్ల అంచుకి అడ్డం ఏమీ లేదు. బండలు విడివిడిగా ఉంటాయి, కొన్ని కదులుతాయి. వాన పడితే జారతాయి. నేను రీల్‌లో వాడిలాగా కూర్చుందామని వెళ్తే మావాడు చొక్కా పట్టుకుని లాగాడు. "నాలుగడుగులు యెనక్కి కూర్చో రా. ఫొటోలో తేడా తెలీదు" అన్నాడు. నిజంగానే తెలీలేదు.

ఎండ మండిపోతోంది. నీడ కోసం కోటలోకి వచ్చాం. రీల్స్‌లో ఎప్పుడూ చూడని గండికోట నాకు అక్కడ కనపడింది.

గండికోట కైఫీయతు ప్రకారం ఇక్కడ మొదటి కోట కట్టింది కాకరాజు, 1123లో. తర్వాత విజయనగర రాజుల కింద పెమ్మసాని నాయకులు దీన్ని ఏలారు. మాధవరాయ స్వామి గుడి గోపురం దూరం నుంచే కనపడుతుంది. లోపల స్తంభాల మీద చెక్కడాలు చూస్తూ గంట గడిపేయొచ్చు. గర్భగుడి మాత్రం ఖాళీ. కొంచెం అవతల జామియా మసీదు. దాని పక్కనే ధాన్యాగారం. బయటి ఎండకి చెమటలు కక్కుతూ వచ్చిన మాకు, ఆ పెద్ద కమాను కప్పు కింద అడుగు పెట్టగానే ఒళ్ళు చల్లబడింది. ముట్టడి పడితే నెలల తరబడి తిండి గింజలు నిలవుండాలి కదా, అందుకే అంత కట్టడం. కోనేరుంది, చెరువుంది, జైలుంది, మన చార్మినార్‌కి బుల్లి తమ్ముడిలా ఒక గోపురముంది. దాని మీద పావురాలు.

ఇంకో సంగతి తెలిసి సిగ్గేసింది. పెమ్మసాని వాళ్ళ దగ్గర్నుంచి ఈ కోటని గెలిచిన మీర్ జుమ్లా మన గోల్కొండ సుల్తాన్ మనిషి. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి ఆయన్ని కలవడానికి ఇంత దూరం వచ్చి, చూసినదంతా పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత 1800లో ఈ సీమ మొత్తాన్ని ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చేసింది మన హైదరాబాద్ నిజామే. అందుకే దత్తమండలాలు అన్నారు. 'రాయలసీమ' అనే పేరు 1928లో గానీ రాలేదు. నాలుగేళ్ళు వీడి పక్క బెడ్ మీద పడుకున్నాను, మా ఊరికీ వీళ్ళ ఊరికీ మధ్య ఇంత లెక్క ఉందని తెలీదు.

ఆ కోటలో ఇప్పటికీ ఊరుంది. మసీదు దాటి నడుస్తుంటే గేదెలు ఎదురొచ్చాయి. ఒకావిడ అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. మేం నీళ్ళడిగితే చెంబు చేతికిచ్చి, "రాజులు పోయినారు, మేమే మిగిల్నాం" అని నవ్వింది.

సాయంత్రం మళ్ళీ లోయ దగ్గరికొచ్చాం. సూర్యుడు దిగుతుంటే రాయి నారింజ రంగులోకి, తర్వాత ఎర్రగా మారింది. వీడియో తీస్తూ అడిగాను, "ఎండాకాలంలో కూడా ఇంత నీళ్ళుంటాయారా?"

"ఇది మైలవరం డ్యామ్ యెనక నిలిచిన నీళ్ళు రా. పైన ఇంకోటుంది, గండికోట రిజర్వాయర్. రేపు చూపిస్తా" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున బండి మీద కొండాపురం వైపు తీసుకెళ్ళాడు. మెయిన్ రోడ్డు దిగి కొంత దూరం పోయాక తారు రోడ్డు నేరుగా నీళ్ళలోకి వెళ్ళిపోయింది. మలుపు లేదు, బోర్డు లేదు. అటుపక్క కనుచూపు మేరా నీళ్ళే. నీళ్ళలోంచి ఎండిన చెట్ల కొమ్మలు పైకొచ్చి ఉన్నాయి. వాటి మీద కొంగలు.

"అదో, ఆ కొమ్మలుండే కాడికి కొంచెం ఎడమకి. ఆడ మా అవ్వోళ్ళ ఇల్లు" అన్నాడు.

వాళ్ళది తాళ్ళప్రొద్దుటూరు. గండికోట రిజర్వాయర్ కెపాసిటీ 26.85 టీఎంసీలు. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్ళు కాలువల్లో, సొరంగాల్లో ప్రయాణం చేసి ఇక్కడికొస్తాయి. ఇక్కడి నుంచి లిఫ్టులతో పులివెందుల వైపు చీనీ తోటలకి పోతాయి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు మునిగింది. ఆ రోజుల్లో వీడు తార్నాక రూమ్‌లో ల్యాప్‌టాప్ ముందున్నాడు. ప్రాజెక్ట్ రిలీజ్. 'ఇంకో వారంలో వస్తా నాయనా' అని రెండు సార్లు చెప్పాడట. మూడోసారి ఫోన్‌లో వాళ్ళ నాయన, "ఇంగ రాబల్లేదులే" అన్నాడట.

ఈ సంగతి నాకు ఇన్నేళ్ళూ చెప్పలేదు. నేనూ 'మీ ఊరేంటి' అని అడిగిందే లేదు. కడప అంటే కడపే అనుకున్నా.

"తప్పెవరిదని చెప్తార్రా?" అన్నాను.

"మా పిన్నమ్మోళ్ళది పులివెందుల కాడ పల్లె. ముందు బోర్లు ఎండిపోయి చీనీ చెట్లు కొట్టేసుకున్నారు. ఇప్పుడు తోట పచ్చగుంది. వాళ్ళింటికి పోతే సంతోషంగుంటది. ఈడికొస్తే ఇట్లుంటది. రెండూ మావే" అన్నాడు.

అక్కడి నుంచి నిర్వాసితుల కాలనీకి వెళ్ళాం. వరసగా కొత్త ఇళ్ళు, తిన్నటి సిమెంటు రోడ్లు. వాళ్ళ అవ్వ మంచం మీద కూర్చుని ఉంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ అబ్బికి మనిల్లు చూపిచ్చినావా?" అని అడిగింది. నేను నీళ్ళ సంగతి అనుకున్నాను. వాడు ఫోన్ తీశాడు.

వాడి ఫోన్‌లో వేల ఫొటోలున్నాయి. క్యాంపస్, ట్రిప్పులు, బిర్యానీలు. ఆ ఇంటి ఫొటో ఒక్కటే. అది కూడా ఇంటి కోసం తీసింది కాదు. ఎప్పుడో సంక్రాంతికి తీసుకున్న సెల్ఫీ. ముందు వీడి మొహం, కొత్త కళ్ళద్దాలు. భుజం వెనకాల కొంచెం మసగ్గా అరుగు, సగం తలుపు, వేపచెట్టు మొదలు. అంతే.

అవ్వ ఫోన్ తీసుకుంది. వేళ్ళతో వీడి మొహాన్ని పక్కకి జరిపి, ఆ మసక భాగాన్ని పెద్దది చేసింది. ఆ వయసులో జూమ్ చేయడం ఎవరు నేర్పారో గానీ చాలాసార్లు చేసినట్టు తెలుస్తోంది. "ఇదో, ఈ అరుగు మీదనే మీ తాత కూర్చునేది. తలుపు యెనకాల రోలు. ఈడ కనపడదు" అని నాకు చూపించింది. మళ్ళీ ఇంకొంచెం పెద్దది చేసింది. అప్పుడు చుక్కలు చుక్కలుగా అయిపోయి ఏమీ కనపడలేదు. అయినా చూస్తూనే ఉంది.

వాడు గోడకేసి తిరిగి చార్జర్ వెతుకుతున్నాడు. బ్యాటరీ డెబ్బై శాతం ఉంది.

తిరుగు రైల్లో ఎక్కువ మాట్లాడుకోలేదు. నేను తీసిన గండికోట వీడియో పోస్ట్ చేద్దామా అనుకుని, తర్వాత చూద్దాంలే అని పెట్టేశాను. మీరు తప్పకుండా వెళ్ళండి. చలికాలం మంచిది. నీళ్ళ బాటిల్, గట్టి బూట్లు మర్చిపోవద్దు. అంచు మీద ఫొటో తీసుకున్నాక ధాన్యాగారం చూడండి, ఊళ్ళోకి నడవండి. మీతో వచ్చినవాణ్ణి వాళ్ళ ఊరేదో అడగండి.

కాచిగూడలో దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఇంటికొస్తే అమ్మ వాకిట్లో ముగ్గేస్తోంది. బ్యాగ్ కూడా దించకుండా ఫోన్ తీశాను. గుమ్మం. తలుపు పక్కన గోడ మీద, ఏటా నా ఎత్తు కొలిచి నాన్న గీసిన పెన్సిల్ గీతలు. వంటింట్లో పొగ పట్టిన గూడు. కారి కారి మ్యాప్‌లా మారిన కప్పు.

ఇల్లు ఇచ్చేస్తామేమో. ఇచ్చేయడమే మంచిదేమో కూడా. నా షీట్‌లో లెక్కలేమీ తప్పు కాదు. కానీ ఈ గీతలకి అందులో కాలమ్ లేదు, అమ్మ ఎందుకు మాట్లాడట్లేదో నేను అడగనూ లేదు.

"పొద్దున్నే ఏం తీస్తున్నవ్ రా?" అంది అమ్మ లోపలికొస్తూ.

"ఇల్లు."

"అయ్యో, అంట్ల గిన్నెలు అట్లనే ఉన్నయ్. ఉండు, సర్దినాక తీద్దువు."

"సర్దకమ్మా. అట్లనే ఉండనీ" అన్నాను. "నువ్వు కూడా వచ్చి నిలబడు. ఆ గూడు ఎవరు కట్టించారో చెప్పు, రికార్డ్ చేస్తా."