ఊరి చరిత్ర యెవరి యధీనమున నుండవలయును?

కొన్ని సంవత్సరములుగా తెలుగు జిల్లాలలో మెచ్చదగిన పని యొకటి సద్దు లేకుండ సాగుచున్నది. బడి పంతుళ్లు, పింఛను పుచ్చుకొనుచున్న గుమాస్తాలు, కళాశాల విద్యార్థులు కొందరు సెలవు దినములలో ఊరూర తిరిగి, పొలములలో బోర్లపడియున్న శాసనపు రాళ్లను, వీరగల్లులను వెదకి, వృద్ధులు చెప్పు ముచ్చటలను వ్రాసికొనుచున్నారు. వీరికి జీతము లేదు, బత్తెము లేదు. గుప్తనిధులకై వచ్చినారని ఊరివారి యనుమానమొకటి అదనము. వీరి శ్రమను గూర్చి పట్టణములలోని విద్యావంతులు సైతము తేలికగ మాటలాడుట మేము వినుచున్నాము. పది గడపల పల్లెకు చరిత్రయేమి యని వారి ప్రశ్న.

దీనికి పలనాటిసీమ యేనాడో సమాధానము చెప్పినది. కృష్ణయొడ్డున కొండల నడుమ నొదిగియున్న నాగార్జునకొండ లోయలో ప్రాచీన స్తంభమొకటి యున్నదని 1920లో ప్రభుత్వమునకు తెలిపినవాడు స్థానికుడైన ఉపాధ్యాయుడు, సూరపరాజు వెంకటరామయ్యగారు. శాసనశాఖకు చెందిన రంగస్వామి సరస్వతిగారు అచటికి వచ్చినది 1926లో. అటుపిమ్మట లాంగ్‌హర్స్టు దొర త్రవ్వకములు, 1954 మొదలు 1960 వరకు సుబ్రహ్మణ్యముగారి త్రవ్వకములు జరిగి ఇక్ష్వాకుల రాజధాని బయటపడెను. నేడా లోయ సాగరజలములలో నున్నది. ఆ పంతులు కంబమును చూచి 'మనకేల' యని తన దారిని తాను పోయియుండినచో ఆ నీటి క్రింద నేమున్నదో మనకు తెలియ వచ్చియుండెడిదా?

చూచి చెప్పువాడు లేనిచోట నేమగునో అమరావతి చెప్పును. వాసిరెడ్డి వెంకటాద్రినాయని కాలమున కట్టడములకై మహాస్తూపపు దిబ్బను త్రవ్వించుచుండగా మెకంజీ దొర మొదటిసారి యచటికి పోయెను. మరల 1816లో పోయి చూచునప్పటికి చాలభాగము నాశనమైయుండెను. పాలరాతి శిల్పములు సున్నపుబట్టీల పాలైనవి. మిగిలినవి చెన్నపట్టణపు మ్యూజియమునకు కొన్ని, లండనునకు కొన్ని చేరినవి. కాల్చినవారు దుర్మార్గులు కారు. వారికది రాయి, అంతియే.

ఆ మెకంజీ చేయించిన పనియే మన గ్రామచరిత్రలకు మూలధనము. కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి మొదలగు మనవారు ఊరూర కరణములను కలిసికొని సేకరించిన కైఫీయతులలో చెరువు నెవరు త్రవ్వించిరో, ఏ దొరతనమున నెంత శిస్తు గట్టిరో, ఊరికా పేరెట్లు వచ్చెనో వ్రాసియున్నది. తరువాత బ్రౌను దొర వానికి ప్రతులు వ్రాయించి కాపాడెను. కడపలో బ్రౌను పేర వెలసిన గ్రంథాలయము ఆ జిల్లా కైఫీయతులను సంపుటములుగా నచ్చువేయించి మహోపకారము చేసినది. అయినను ఒక్క మాట చెప్పక తప్పదు. కైఫీయతు కరణముగారి దస్తూరిలోనిది. ఆయన కంటికి కనబడినవి అగ్రహారము, ఇనాము, దేవాలయము, పాలెగాని కోట. కలుపుతీసిన స్త్రీ, తోలు నూనిన మాదిగ, నీరుకట్టిన నీరటికాడు అందులో కానరారు. కనబడినను శిస్తు లెక్కలోనో, మిరాశీ తగవులోనో కనబడుదురు.

ఆ కరణములును ఇప్పుడు లేరు. 1984లో గ్రామోద్యోగములు రద్దయినవి. రద్దు మంచిదా చెడ్డదా యను వాదములోనికి మేమిపుడు దిగము. అటుతరువాత ఆ యిండ్ల యటకలమీది పాతకాగితముల నడుగువాడు లేకపోయెను. అడంగళ్ల నకళ్లు, ఇనాం ఫైసలా ప్రతులు, ఫసలీల వారీ జమాబందీ లెక్కలు, తాటాకు కవిలెలు చెదలకు కొంత, చిత్తుకాగితముల బేరగానికి కొంత పోవుచున్నవి. పంచుకొనుటకు పనికివచ్చు పట్టామీద నున్న శ్రద్ధ అన్నదమ్ములకు మిగిలిన కట్టమీద నుండదు.

న్యాయవాదవృత్తిలో నున్నవారెరిగిన సూత్రమొకటి యిచట పనికివచ్చును. ముప్పది యేండ్లు దాటిన పత్రము తగిన యధీనమునుండి కోర్టుకు వచ్చినచో, అందలి దస్తూరిని సంతకమును వేరుగ రుజువు చేయకయే సరియైనవని న్యాయాధిపతి భావింపవచ్చును. 1872నాటి సాక్ష్యచట్టములోని యీ నియమము 2023నాటి క్రొత్తచట్టములోనికిని వచ్చినది. ఇందు ప్రాణమువంటిది 'తగిన యధీనము' అను మాట. అదే పత్రము సంతలో దొరకినదన్నచో దాని విలువ పడిపోవును. ఊరి చరిత్రయు నట్టిదే. ఏ రాయి యే చేనిలో నుండెనో, ఏ మాట యెవరు చెప్పిరో, ఏనాడు చెప్పిరో వ్రాయని సేకరణము వినోదమే కాని సాక్ష్యము కాదు. కావుననే మూలము ఊరిలోనే యుండవలయుననియు, ప్రతి జిల్లా గ్రంథాలయమునకు పోవలయుననియు మా యభిప్రాయము. పల్లెలో నెట్లు నిలుచునందురా? వేటపాలెమను చేనేతవారి యూర 1918లో యువకులు నెలకొల్పిన సారస్వతనికేతనము శతాబ్దము దాటి పాతపత్రికలను భద్రపరచుచునే యున్నది. దూరదేశముల పరిశోధకులును అచటికే వచ్చి చూచుకొని పోవుచున్నారు.

వ్రాతలో లేనివారి చరిత్ర అసలే లేదని భ్రమింపరాదు. మాదిగల పుట్టుపూర్వోత్తరములను జాంబపురాణముగ డక్కలివారు చెప్పుచు వచ్చిరి. కోయల వంశచరిత్రలను డోలివారు పాడుచు వచ్చిరి. అట్టివారిలో నొకడైన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినది. 2024లో ఆయన గతించిరి. అట్టి గాయకుడు పోయిన దినమున పోవునది ఒక్క ప్రాణము కాదు. పాటను నేర్చిన కుమారుడో శిష్యుడో లేనిచో పడిగెబొమ్మ లేమిచెప్పునో తెలియక అది వట్టి గుడ్డయై మిగులును.

ఇక నేటి గోదావరి మాట. శ్రీశైలము జలాశయము నిండకముందు కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి అలంపురమునకు తరలించిరి. రూపాల సంగమేశ్వరమును కర్నూలు జగన్నాథగట్టుమీదికి చేర్చిరి. పని ఘనమైనదే, మేమును కొనియాడుదుము. కాని 1981లో మునిగిన గ్రామముల జనమునకు వారి వీధులు, చేల పేర్లు, బంతిభోజనముల కట్టుబాట్లు, శ్మశానములు కూర్చి యిచ్చినవారెవరు? దేవుని రాళ్లకు దక్కిన లెక్క మనుజులకు దక్కలేదు. పోలవరము పనులవలన దేవీపట్నము మొదలుకొని కొండరెడ్లు, కోయలు కాపురముండిన పల్లెలు ఒకటొకటిగ ఖాళీయగుచున్నవి. పరిహారపు జాబితాలో ఇల్లు, చెట్టు, ఎకరము ఎక్కును. వాగుకు ముత్తాత పెట్టిన పేరు ఎక్కదు. 1922నాటి మన్యపు పితూరిని గూర్చి పోలీసువారి వ్రాతలు భద్రముగ నున్నవి. ఆనాడు తిండిపెట్టినవారి, దెబ్బలుతిన్నవారి మాట మనుమల నోటనే యున్నది. ఆ మనుమలు నేడు కాలనీలలో, ఒకరి కొకరు దూరముగ నున్నారు. స్వచ్ఛందసేవకులు ముందుగ నడువవలసిన దారి ఇదియే. కైఫీయతు నచ్చువేయించుట వచ్చే యేడైనను చేయవచ్చును, ఇది వచ్చే యేటికి నిలువదు.

పనిచేయువారికి రెండు మాటలు. శాసనాక్షరములు స్పష్టముగ కనబడవలెనని ఎనామిలు రంగు పూయుట, రాతిని గీకుట మానవలయును. తడికాగితము పరచి కుంచెతో మొత్తి సిరాయద్దిన ప్రతియే చాలును, అది చేతకానిచో ఏటవాలు వెలుగులో తీసిన ఛాయాచిత్రము. రాగిరేకు దొరకినచో దాచుకొనరాదు. పదిరూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరికినపుడు కలెక్టరునకు వ్రాతమూలముగ తెలుపవలయునని 1878నాటి చట్టము విధించినది. స్థలపురాణముల విషయమై మా మనవి వేరు. రాములవారు అడుగు మోపని ఊరు తెలుగునాట నున్నదా యని మాకు సందేహము! ఆ కథలను తప్పక వ్రాసికొనుడు, అయితే నమ్మకమును నమ్మకముగనే వ్రాయుడు. శాసనపు తేదీని దానితో కలిపినచో రెండును చెడును.

ఊరి చరిత్ర త్రవ్వినచో కులకక్షలు రేగునని కొందరు పెద్దలు బెదరుచున్నారు. బావి యెవరిది, ఎవరిని తోడనీయలేదు అను మాట చరిత్రపుస్తకములో వ్రాసినందువలన పుట్టునది కాదు, వ్రాయనందువలన పోవునదియు కాదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘికచరిత్రను వెలువరించినపుడు రాజుల కొలువులు విడిచి జనుల తిండిని, బట్టను, ఆటను వెదకిరి. ఆ గ్రంథమువలన ఎవరి పరువును పోలేదు.

గ్రంథాలయసంఘములవారు ఈ వేసవికి గట్టి అట్టగల తెల్లపుస్తక మొకటి కొని, ఊరిలో అందరికన్న పెద్దవయసు స్త్రీ యొద్దకు మొట్టమొదట పోవలయునని కోరుచున్నాము. పురుషులు సాధారణముగ తగవులు చెప్పుదురు. ఆమె పెండ్లిండ్లు, కరవులు, కలరాలు, వలసలు చెప్పును. చెప్పినది చెప్పినట్లు, ఆమె మాటలలోనే వ్రాసి, చదివి వినిపించి, పేరును తేదీని క్రింద వేయవలయును. అట్లు పని మొదలైన గ్రామముల పేర్లను మాకు వ్రాసి పంపినచో ఈ పుటలోనే ప్రకటింతుము.