మూసీకి మార్కులు వేస్తున్నారు సరే, ఏ సబ్జెక్టులో?

మూసీ ప్రక్షాళన మాట వచ్చినప్పుడల్లా ఒడ్డున ఏం కడతారన్నదే చర్చ. నీళ్లు ఎంత బాగుపడాలి, బాగుపడ్డాయని ఏ లెక్కతో చెబుతారు అన్నది పెద్దగా ఎవరూ అడగట్లేదు. 2024 అక్టోబర్‌లో చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్‌లలో నదీగర్భంలో ఉన్నాయంటూ ఇళ్లు కూల్చారు. నది కోసమని ఇల్లు ఖాళీ చేసిన కుటుంబాలకు ఆ లెక్క అడిగే హక్కు అందరికంటే ముందు ఉంది.

ఆ లెక్క పేరు నీటి నాణ్యతా సూచిక. అమెరికాలో 1970లో తయారైన పద్ధతి ఇప్పటికీ బాగా వాడుకలో ఉంది. నీటిలో కరిగిన ఆక్సిజన్, మలంలోని బ్యాక్టీరియా, పీహెచ్, బీఓడీ, నైట్రేట్ లాంటి 9 అంశాలు కొలుస్తారు. ఒక్కోదానికి 100కి మార్కులు వేసి, ప్రాధాన్యాన్ని బట్టి వెయిటేజీ ఇచ్చి, అన్నీ కలిపి ఒకే అంకె చేస్తారు. 70 దాటితే నీళ్లు 'బాగున్నాయి', 25 లోపైతే 'చాలా అధ్వానం'.

ఒకే అంకె కాబట్టి అందరికీ అర్థమవుతుంది. చిక్కు కూడా అక్కడే. ఉదాహరణకు బ్యాక్టీరియా విషయంలో 5 మార్కులే వచ్చి, మిగతా ఎనిమిదింటిలో 90 చొప్పున వచ్చాయనుకుందాం. బ్యాక్టీరియాకు వెయిటేజీ 0.16 మాత్రమే. కూడితే మొత్తం 76.4. మురుగు కలిసిన నీళ్లు 'బాగున్నాయి' కేటగిరీలో పాసైపోతాయి! కూడికకు బదులు గుణకారం వాడే పద్ధతీ తర్వాత వచ్చింది. అదే మార్కులకు అందులో వచ్చేది 57 లోపే, అంటే 'మధ్యస్థం'. నీళ్లు అవే, మారింది లెక్క ఒక్కటే.

మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీళ్లను వాడకాన్ని బట్టి ఎ నుంచి ఇ వరకు తరగతులు చేసింది. స్నానానికి బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. బీఓడీ అంటే నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్. అది ఎంత పెరిగితే చేపలకు ఊపిరి అంత కష్టం. 2018లో మండలి గుర్తించిన 351 కలుషిత నదీ భాగాల్లో, బీఓడీ 30 దాటిన మొదటి వరుసలోనే మూసీ ఉంది.

సాగునీటికి పెట్టిన ఇ తరగతిలో అయితే చూసేవి పీహెచ్, లవణాలు, సోడియం, బోరాన్ మాత్రమే. బ్యాక్టీరియా ఊసే లేదు. నగరం దాటాక మూసీ నీళ్లతో వరి, ఆకుకూరలు, గేదెలకు పారాగడ్డి పెంచుతారు. ఆ కొత్తిమీర పచ్చిగానే మన పళ్లెంలోకి వస్తుంది, ఆ గడ్డి తిన్న గేదె పాలు మన చాయ్‌లోకి వస్తాయి. పొలానికి పనికొచ్చే నీళ్లన్న సర్టిఫికెట్ వంటింటికి ఏం భరోసా ఇస్తుంది?

నది తన పని తాను కొంత చేసుకుంటుంది, అది కూడా చెప్పుకోవాలి. దిగువన ఉన్న కత్వల దగ్గర నీళ్లు ఆగి, మడ్డి కిందికి దిగి, దూరం పోయేకొద్దీ బీఓడీ, బ్యాక్టీరియా తగ్గుతాయని పరిశోధకులు కొలిచి చూశారు. లవణాలు మాత్రం పెరుగుతాయి. అందుకే 'మూసీ స్కోరు ఇంత' అంటే సగం మాటే. గండిపేట ఎగువనా, నాగోల్ దగ్గరా, వాడపల్లిలో కృష్ణలో కలిసే చోటా? వాన నీళ్లు కలిసే ఆగస్టులో తీసిన శాంపిలా, మే నెలదా?

ఇక ఆ 9 అంశాల్లో మందుల అవశేషాలు లేనే లేవు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ప్రాంతంలో మందుల కంపెనీల వ్యర్థాలు శుద్ధయి బయటికొచ్చే నీళ్లు పరీక్షిస్తే, సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఇలాంటి నీళ్లలో మందులకు లొంగని బ్యాక్టీరియా బలపడుతుంది. రేపు పిల్లాడికి జ్వరమొచ్చి మందు పనిచేయకపోతే, దానికి మూలం ఏ సూచికలోనూ కనిపించదు.

ప్రాజెక్టుకు పెట్టే ప్రతి రూపాయికీ ఆడిట్ ఉంటుంది. నీళ్లకూ అలాంటి ఖాతా పెట్టడం కష్టమేమీ కాదు. పురానాపూల్, చాదర్‌ఘాట్, నాగోల్‌లలో నెలనెలా తీసిన శాంపిళ్ల ఫలితాలు మొత్తం స్కోరుగా కాకుండా, ఏ అంశానికి ఎంత వచ్చిందో విడివిడిగా, తెలుగులో, ఉర్దూలో అదే వంతెన మీద బోర్డు పెట్టి రాయొచ్చు. మందుల అవశేషాలకు ఇంకో వరుస చేర్చాలి. పనులు పూర్తయ్యాక పెట్టే బోర్డుతో లాభం లేదు. పోల్చి చూడాలంటే ఇవాళ్టి అంకె కావాలి.